పెద్ద పచ్చ మాత్ ఇంటికొస్తే ఏం చేయాలి, రాకపోతే ఎక్కడ వెతకాలి

సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా న్యూజిలాండ్ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటో తప్పకుండా తిరుగుతుంది. వంటింటి కిటికీ అద్దానికో గ్యారేజీ తలుపుకో అరచేయంత ఆకుపచ్చ రెక్కల పురుగు అతుక్కుని ఉంటుంది, కింద "అన్నా ఇదేంటి, కుడుతుందా, స్ప్రే కొట్టెయ్యనా?" అని ప్రశ్న. వెనకే ఇంకొకరు "మా పెరట్లో చెట్టు మానుకి బెజ్జాలు పడ్డాయి, దీని పనేనా?" అంటారు. మూడో ఆయన "ఎన్నేళ్లుగానో ఇక్కడే ఉన్నాం, ఒక్కసారీ కనపడలేదు, ఎక్కడికెళ్లాలి?" అని అడుగుతారు. మూడింటికీ జవాబు ఒకేచోట రాసి పెడుతున్నా, ఈసారి ఎవరడిగినా ఇదే పంపేస్తాను.

ముందుగా మొదటి ప్రశ్నకి: కుట్టదు, కరవదు. స్ప్రే కొట్టకండి.

దాని పేరు పూరిరి మాత్ (మాత్ అంటే సీతాకోకచిలుకలా ఉండి రాత్రిపూట తిరిగే పురుగు). మావోరీలో పెపెటునా అంటారు, శాస్త్రీయ నామం ఏనెటస్ వైరెసెన్స్. ప్రపంచం మొత్తం మీద న్యూజిలాండ్‌లోనే ఉంది, అందులోనూ ఉత్తర దీవిలోనే. ఈ దేశంలోకెల్లా పెద్ద మాత్ ఇదే. ఆడదాని రెక్కలు చాపితే 15 సెంటీమీటర్ల దాకా వస్తాయి, మగది కాస్త చిన్నది. ఐదారేళ్లు గొంగళిపురుగుగా, అందులో చాలా భాగం చెట్టు మాను లోపలే గడుపుతుంది. రెక్కలొచ్చాక మాత్రం బతికేది రెండు రోజులే. పనిచేసే నోరు లేదు కాబట్టి ఏమీ తినదు, తాగదు. ఉన్న ఆ కాస్త సమయంలోనే జత వెతుక్కోవాలి, గుడ్లు పెట్టాలి. సిద్ధాంతం ఇంతకంటే అక్కర్లేదు. కింద రాసినదంతా దీన్నుంచి వచ్చిందే: మీరు ఏం చేసినా దాని రాత్రి వృథా కాకూడదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ డబ్బా లేదా పెద్ద గిన్నె. చిన్న గ్లాసు పనికిరాదు, అంచుకి తగిలి రెక్కలు చిరిగిపోతాయి.
- గట్టి అట్టముక్క. ఏ4 పేపర్ వంగిపోతుంది, సీరియల్ డబ్బా అట్ట అయితే బాగుంటుంది.
- ఫోన్, చిన్న టార్చ్. టార్చ్ వెలుగు తగ్గించుకునే వీలుంటే మంచిది, లేదంటే పైన ఎర్ర చాక్లెట్ కాగితం చుట్టండి.
- 2 డాలర్ల నాణెం. దాని వెడల్పు 26.5 మిల్లీమీటర్లు, ఫొటోలో కొలతకి పనికొస్తుంది.
- అడవిలోకి వెళ్లేవాళ్లకి మట్టి దులిపే బ్రష్, వర్షం కోటు.

వల కొనక్కర్లేదు. పిన్నులూ ఫ్రేములూ అసలే వద్దు.

ఇంట్లోకో గోడ మీదకో వస్తే

1. ముందు పిల్లిని, కుక్కని వేరే గదిలో పెట్టి తలుపు వేయండి. మిగతావన్నీ తర్వాత. ఈ మాత్ ఎగరడం మొద్దుగా ఉంటుంది, అద్దానికీ గోడకీ టపటపా కొట్టుకుంటూ కింద పడుతుంది. అలా పడినదాన్ని పిల్లి క్షణంలో పట్టేస్తుంది.

2. ఫ్యాన్ ఆపండి. గదిలో లైటు ఆర్పేసి, కిటికీ లేదా తలుపు బార్లా తెరవండి. బయట వరండా లైటు కూడా ఆర్పాలి. చాలామంది లోపలి లైటు ఒక్కటే ఆర్పి, బయటది వెలుగుతుండగా వదిలేస్తారు. అది బయటికైతే వెళ్తుంది గానీ, వెళ్లి ఆ బల్బు చుట్టూనే తెల్లారేదాకా తిరుగుతుంది. ఏ పిల్ల ఫోన్ టార్చో వేసి "ఎటు పోయింది" అని వెతికినా ఇదే గతి.

3. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగండి. ఈలోపు రెక్కలు వణికిస్తూ కనిపిస్తే చచ్చిపోతోందని కంగారు పడొద్దు. ఎగరబోయే ముందు ఒళ్లు వేడెక్కించుకుంటోంది, అంతే. అప్పుడు ముట్టుకుంటే పడిన కష్టమంతా పోయి మళ్లీ మొదలుపెట్టుకోవాలి.

4. అప్పటికీ కదలకపోతే డబ్బాని దాని మీద నెమ్మదిగా బోర్లించండి. గోడకీ డబ్బాకీ మధ్య అట్టముక్కని జరపండి, కాళ్లు వాటంతటవే అట్ట మీదకి ఎక్కుతాయి. వేళ్లతో రెక్కలు పట్టుకోకండి. ఆ పొడిలాంటి పొలుసులు రాలితే మళ్లీ రావు.

5. బయటికి తీసుకెళ్లి చెట్టు మానుకి ఆనించండి, వీధి దీపం వెలుగు పడని వైపు. నేల మీద మాత్రం పెట్టొద్దు. ఎలుకలూ, ముళ్లపందులూ రాత్రంతా తిరుగుతుంటాయి.

6. పగలు కనిపిస్తే పద్ధతి కాస్త వేరు. పొద్దున్నే గోడ మీద ఉన్నదాన్ని మైనాలు, బ్లాక్‌బర్డ్‌లు ముక్కలు చేసేస్తాయి. డబ్బాలోకి తీసుకుని, నీడలో గుబురుగా ఉన్న పొద లోపలి కొమ్మకి ఎక్కించండి. చీకటి పడగానే అదే పోతుంది. ఒకవేళ డబ్బాలోనే ఉంచాల్సి వస్తే, చల్లని చీకటి మూలలో, లోపల ఒక పుల్ల నిలబెట్టి సాయంత్రం వరకే ఉంచాలి. "రేపు స్కూల్లో చూపిస్తుందట, ఒక్క రోజు ఉంచుదాం" అనే మాట నేను చాలా ఇళ్లలో విన్నాను. దాని లెక్కలో ఆ ఒక్క రోజు సగం జీవితం. ఫొటో తీసి, ఫొటోనే స్కూలుకి పంపండి.

రెక్కలు ముడతలుగా, తడిగా ఉంటే అది అప్పుడే బయటికొచ్చినది. దాన్ని కదిలించకండి. నిలువుగా వేలాడే చోటు దొరక్కపోతే రెక్కలు సరిగా విచ్చుకోవు. అంచులు చిరిగి, పక్కకి ఒరిగి, కాళ్లు మాత్రమే ఆడిస్తున్నది అయితే దాని పని అయిపోయింది. నీళ్లు చల్లి బతికించాలని చూడొద్దు, చెట్టు కింద ఆకుల్లో వదిలేయండి.

పంచదార నీళ్లు, తేనె, అరటిపండు ముక్క... ఇవేవీ వద్దు. ఈ తప్పు ఎంత మంచి మనసుతో చేసినా తప్పే. తాగే నోరు లేదు, జిగురు మాత్రం కాళ్లకీ రెక్కలకీ అంటుకుంటుంది.

డబ్బా అడుగున గసగసాల్లాంటి సన్న గుడ్లు కనిపించాయా? ఆడదన్నమాట. ఒక్కో ఆడ మాత్ 2,000 దాకా గుడ్లు పెడుతుంది, గూట్లో కాదు, ఎగురుతూ అడవి నేల మీద జల్లుకుంటూ పోతుంది. మీరు కూడా అదే చేయండి. నీడలో, రాలిన ఆకులూ కుళ్లిన కొమ్మలూ ఉన్న చోట వాటిని చల్లేయండి. మంచివో కావో చూసే పని మనది కాదు.

నిజంగా పూరిరి మాతేనా? ఇలా చెక్ చేసుకోండి

పచ్చగా, పెద్దగా కనిపించిన ప్రతిదీ ఇదే అనుకోవడం మామూలే. ఈ వరసలో చూసుకుంటే చాలు.

1. మీరున్నది ఎక్కడ? దక్షిణ దీవిలో, అంటే క్రైస్ట్‌చర్చ్‌లోనో డునెడిన్‌లోనో ఉంటే ఇది పూరిరి మాత్ కాదు, వేరే పేరు వెతకండి.

2. మీసాలు చూడండి. ఇంత పెద్ద ఒంటికి మీసాలు ఉన్నాయా లేవా అన్నంత పొట్టిగా ఉంటాయి. పక్షి ఈకల్లా విప్పారిన మీసాలుంటే ఇది కాదు.

3. వాలినప్పుడు రెక్కలు ఒంటి మీదకి ఇంటి కప్పు ఏటవాలులో ముడుచుకుని ఉంటాయి. బల్లపరుపుగా చాపి కూర్చుంటే అనుమానించండి.

4. రెక్కల మీద కళ్లలాంటి గుండ్రటి మచ్చలుంటే అది ఎంపరర్ గమ్ మాత్, ఆస్ట్రేలియా నుంచి వచ్చి యూకలిప్టస్ చెట్ల మీద బతుకుతోంది. రంగు కూడా గోధుమ, గులాబీ కలిసినట్టుంటుంది. సైజులో మాత్రం దీనికి తీసిపోదు, అందుకే మోసపోతారు.

5. పువ్వు మీద తేనె తాగుతూ కనిపించిందా? ఇంకేం చూడక్కర్లేదు, పూరిరి మాత్ కాదు. పొట్ట మీద గులాబీ పట్టీలున్న బూడిద రంగు హాక్ మాత్ ఒకటి ఉంది, మన దేశంలోనూ ఉంటుంది, దాన్ని చూసి ఉంటారు.

6. గోధుమ రంగులో, బొటనవేలంత, గుంపులు గుంపులుగా లైటు చుట్టూ ఉంటే పోరినా మాత్‌లు. ఇదే కుటుంబానివి గానీ వాటి పురుగులు గడ్డి మేస్తాయి. రైతులకి తలనొప్పి అవే.

రంగు ఒక్కదాన్నే పట్టుకుని తేల్చకండి. ఎక్కువగా ఆకుపచ్చే అయినా పసుపు, గోధుమ కలిసినవీ ఉంటాయి. మగదాని ముందు రెక్కల మీద తెల్లటి గీతల అల్లిక ఉంటుంది, వెనక రెక్కలు తెల్లగా లేదా లేత పచ్చగా ఉంటాయి. ఆడదాని ముందు రెక్కల మీద ముదురు మచ్చలు, వెనక రెక్కలు లేత నారింజ, గులాబీ మధ్యలో. కాకపోతే వాలినప్పుడు వెనక రెక్కలు కనపడవు, చూడాలని ముందు రెక్క లాగకండి. ఆడో మగో తెలియకపోతే వచ్చిన నష్టం లేదు.

హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో "మా ఇంట్లోనూ పూరిరి మాత్ వాలింది" అని ఫొటోలు పంపేవాళ్లకి ఒక మాట: ఆ దీవి దాటి అది ఎక్కడా లేదు. మీరు చూసింది దాదాపుగా గన్నేరు హాక్ మాత్ అయి ఉంటుంది. గన్నేరు, నందివర్ధనం ఆకులు తిని పెరుగుతుంది, రెక్కల మీద పచ్చ, తెలుపు, గులాబీ కలిసిన పాలరాతి చారలుంటాయి. వెనక పొడుగాటి తోకలుంటే మూన్ మాత్. రెండూ అందమైనవే, ఫొటో తీసి వదిలేయండి.

ఇంకొకటి, 100 డాలర్ల నోటు మీద ఉన్న మాత్ ఇదేనని పిల్లలకి చెప్పేస్తుంటారు. కాదు. నోటు మీదున్నది దక్షిణ దీవి లైకెన్ మాత్, తెలుపు మీద నల్ల గీతలుంటాయి.

పెరట్లో చెట్టుకి బెజ్జాలుంటే

ఇక్కడే ఎక్కువ టెన్షన్ పడతారు, ఎక్కువ తప్పులూ ఇక్కడే జరుగుతాయి, అందుకని కొంచెం నిదానంగా చదవండి.

1. ముందు చెట్టేదో తెలుసుకోండి. పూరిరి చెట్టుని గుర్తుపట్టడం మనవాళ్లకి తేలిక, ఎందుకంటే అది మన వావిలి జాతిదే. వావిలాకులాగే ఒకే కాడకి చేతివేళ్లలా ఆకులు ఉంటాయి, సాధారణంగా మూడు నుంచి ఐదు. కానీ ఆకు చాలా పెద్దది, ముదురు పచ్చ, నిగనిగలాడుతూ ఉబ్బెత్తుగా ఉంటుంది. గులాబీ ఎరుపు పూలు, ఎర్రటి కాయలు ఏడాదిలో ఎక్కువ కాలం కనిపిస్తాయి. నలిపితే వావిలి ఘాటు వస్తుందని ఆశ పడకండి. పేరు పూరిరి మాత్ అయినా ఆ చెట్టుకే కట్టుబడి ఉండదు. పుటపుటవేటా, మకోమకో చెట్లంటే దానికి మహా ఇష్టం. ఓక్, యూకలిప్టస్ లాంటి బయటి చెట్లలోనూ దూరుతుంది.

2. మాను మీద బెజ్జం కోసం కాదు, దాని మీద తెర కోసం వెతకండి. పురుగు లోపల ఉన్నప్పుడు బెజ్జం బయటికి కనపడదు. పట్టుదారంతో బెరడు తునకలు, పొట్టు కలిపి అల్లిన ఒక పలచటి తెర దాన్ని కప్పేసి ఉంటుంది. రంగు బెరడు రంగే. మోకాలి ఎత్తు నుంచి తల పైదాకా, మానుకి పక్క నుంచి చూస్తే కాస్త ఉబ్బుగా కనిపిస్తుంది. ఎదురుగా నిలబడి చూస్తే నూటికి తొంభై మందికి కనపడదు, మానుకి చెంప ఆనించినంత దగ్గరగా, పక్కవాటుగా చూడాలి.

3. తెర ఉంటే లోపల పురుగు ఉన్నట్టే లెక్క. తెర లేకుండా బెజ్జం మాత్రమే నల్లగా కనిపిస్తే అది ఖాళీ అయిన ఇల్లు. కొన్నిసార్లు ఖాళీ ప్యూపా తొడుగు (పురుగు మాత్‌గా మారేటప్పుడు ఉండే పెంకు) ఒకటి బెజ్జం మూతిలో సగం బయటికి పొడుచుకుని ఉంటుంది, అప్పుడు మాత్ ఈమధ్యే ఎగిరిపోయిందన్నమాట. ఆ చుట్టుపక్కల సాయంత్రాలు ఓ కన్నేసి ఉంచండి, పక్క చెట్లలోనూ వరసగా బయటికి రావచ్చు.

4. బెజ్జంలో వేలు పెట్టొద్దు. పిల్లలకి ఇది ముందే చెప్పండి. పాత బెజ్జాల్లో వేటాలు కాపురం పెడతాయి. పెద్ద మిడతలాంటి పురుగు అది, ముళ్ల కాళ్లతో తంతుంది, కొరికితే బాగానే నొప్పి పుడుతుంది. పుటపుటవేటా చెట్టుకి ఆ పేరు వచ్చింది కూడా ఈ బెజ్జాల్లో ఉండే వేటాల వల్లే.

5. తెర చింపి "ఉందో లేదో" చూడకండి. లోపల సొరంగం 7 అంకె ఆకారంలో ఉంటుంది, కొంచెం అడ్డంగా వెళ్లి కిందికి దిగుతుంది, పురుగు అడుగున దాక్కుని ఉంటుంది, మీకెలాగూ కనపడదు. అది రాత్రిపూట పైకొచ్చి బెజ్జం చుట్టూ చెట్టు పెంచుకునే లేత కణజాలాన్ని తింటుంది. తెర పోతే ఆ కాలమంతా మళ్లీ అల్లుకోవడానికే సరిపోతుంది, ఈలోపు శత్రువులకి దారి చూపించినట్టు.

ఇప్పుడు అసలు ప్రశ్న: చెట్టు చచ్చిపోతుందా? సాధారణంగా చావదు. పెద్ద పూరిరి మానులు ఒంటినిండా ఈ మచ్చలతో దశాబ్దాల తరబడి నిలబడతాయి. పాత పూరిరి కంచె గుంజల్లో, రైలు స్లీపర్లలో కూడా ఈ సొరంగాలు కనిపిస్తాయి, అయినా ఆ కలప గట్టిదనానికి పేరు. ఇబ్బంది ఎప్పుడంటే, చేతి మందం కూడా లేని లేత కాండంలో దూరినప్పుడు గాలికి అక్కడ విరగొచ్చు. మనుషులు నడిచే దారి మీద అలాంటి కొమ్మ వేలాడుతుంటే కింద నుంచి ఆసరా కట్టండి, లేదా ఆ కొమ్మ ఒక్కటే తీయించండి. పెద్ద చెట్టు జోలికెళ్లే ముందు మీ కౌన్సిల్‌ని అడగండి. ఆక్లాండ్‌లో కొన్ని చెట్లు రక్షిత జాబితాలో ఉన్నాయి, అనుమతి లేకుండా నరికితే జరిమానా దాకా వెళ్తుంది.

చేయకూడనివి: బెజ్జంలో పెట్రోల్, కిరోసిన్ పోయడం, ఇనప తీగతో పొడవడం, సిమెంట్‌తోనో మైనంతోనో మూసేయడం. మామిడి చెట్టుకి కాండం తొలిచే పురుగు పడితే ఊళ్లో చేసే వైద్యం ఇక్కడ చేయబోతారు. అది పంటకి పట్టిన తెగులు, ఇది వేరే కథ.

"చెక్క ఇల్లు కదా, ఇంటిని కూడా తినేస్తుందా?" అనేది అద్దెకుంటున్నవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న. తినదు. దీనికి పచ్చిగా బతికున్న చెట్టే కావాలి. నేల చెక్కల్లో, కిటికీ ఫ్రేముల్లో ఒకటి రెండు మిల్లీమీటర్ల బెజ్జాలు, కింద సన్నటి పొడి కనిపిస్తే అది బోరర్, చిన్న పెంకు పురుగు. ఆ సంగతి ఓనర్‌కి చెప్పండి. పట్టుచీరలకీ ఊలు స్వెటర్లకీ కూడా దీనివల్ల భయం లేదు.

వెతుక్కుంటూ వెళ్లేవాళ్లకి

కాలం: సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్. ఇక్కడి వసంతం అదే, మన ఫాల్గుణ చైత్రాల లెక్క వేసుకుని మార్చిలో వెళ్తే కాళ్లు నొప్పులే మిగులుతాయి. మిగతా నెలల్లోనూ ఒకటీ అరా కనిపిస్తాయి గానీ వాటి మీద నమ్మకం పెట్టుకోకండి.

రాత్రి: వెచ్చగా, తేమగా, గాలి లేకుండా, చంద్రుడు లేని రాత్రి. సన్నటి జల్లు పడి వెలిసిన సాయంత్రం అయితే ఇంకా మంచిది. గడియారాలు సెప్టెంబర్ చివరి ఆదివారం ఒక గంట ముందుకు జరుగుతాయి, ఆ తర్వాత ఆక్లాండ్‌లో చీకటి పడేది ఏడున్నర, ఎనిమిది తర్వాతేనని గుర్తుంచుకోండి.

చోటు: పెద్ద అడవే అక్కర్లేదు. ఆక్లాండ్ నార్త్‌కోట్‌లోని స్మిత్స్ బుష్‌లో మంచి పూరిరి చెట్లున్నాయి. వెల్లింగ్టన్ వైపు పూరిరి సహజంగా పెరగదు కాబట్టి అక్కడ పుటపుటవేటా, మకోమకోలు చూడండి. ఒటారి-విల్టన్స్ బుష్ దానికి బాగుంటుంది. అన్నిటికంటే తేలిక మార్గం ఏంటంటే, అడవి అంచున లైటున్న గోడ ఏదైనా సరే, పబ్లిక్ టాయిలెట్, కార్ పార్క్, పెట్రోల్ బంక్, తెల్లవారకముందే ఒకసారి చుట్టి రండి. అడవిలో మూడు గంటలు తిరిగినా దొరకనిది అక్కడ దొరుకుతుంది.

1. పగలే ఒకసారి వెళ్లి, పైన చెప్పిన తెరలున్న చెట్లు గుర్తుపెట్టుకోండి. దారి కూడా తెలుస్తుంది. పార్క్ గేటు రాత్రి మూసేస్తారేమో బోర్డు చదవండి, కారు లోపల ఇరుక్కుపోతే మాత్ సంగతి తర్వాత.

2. బయల్దేరేముందు, వచ్చాక కూడా బూట్ల మట్టి పూర్తిగా దులపండి. కౌరి చెట్లని చంపే రోగం మట్టి ద్వారానే పాకుతుంది. దారి మొదట్లో బ్రష్, మందు స్ప్రే ఉన్న స్టేషన్ ఉంటే తప్పించుకోకుండా వాడండి. వైటాకెరె కొండల్లో మూసిన దారులుంటాయి, కౌన్సిల్ వెబ్‌సైట్ చూసుకుని వెళ్లండి.

3. సూర్యాస్తమయానికి అరగంట ముందు చేరుకుని, తక్కువ వెలుగు టార్చ్‌తో మానుల మీద నెమ్మదిగా చూడండి. అప్పుడే బయటికొచ్చింది బెజ్జానికి కాస్త పైన వేలాడుతూ ఉంటుంది. దొరికితే వెలుగు దాని మీద ఆపి ఉంచకండి. చూడటం, ఒక ఫొటో, పక్కకి జరగడం.

4. ఏమీ కనపడకపోతే, వెలుగుకి మాత్‌లు వచ్చి వాలేలా తెల్ల గుడ్డతో తెర కట్టుకోవచ్చు. ఇంట్లో తెల్ల పంచె ఉంటే అంతకంటే మంచిది లేదు, లేదా దుప్పటి. రెండు చెట్ల మధ్య కట్టి, ముందు ఒక తెల్ల ఎల్‌ఈడీ లైటు పెట్టండి. ఒక గంట చాలు, మాత్ వచ్చిందంటే ఇంకా ముందే ఆర్పేయాలి. వెలుగులో ఇరుక్కున్న ఆడది గుడ్లు అడవి నేల మీద కాకుండా మీ పంచె మీద చల్లుకుంటుంది. విప్పేముందు పంచె వెనకవైపు, అడుగున, మీ బూట్ల దగ్గర చూసుకోండి, తొక్కేయడం ఇలాంటప్పుడే జరుగుతుంది.

మాత్ దొరక్కపోయినా గుర్తులు దొరుకుతాయి. పొద్దున దారి మీద పచ్చటి రెక్కలు మాత్రమే పడి ఉంటే, రురు గుడ్లగూబో పిల్లో ఒంటిని తినేసి రెక్కలు వదిలేసిందన్నమాట. అదీ లెక్కలోకొచ్చే సమాచారమే, ఫొటో తీయండి. ప్రభుత్వ పరిరక్షణ భూముల్లో మాత్రం అనుమతి లేకుండా పురుగునే కాదు, ఏ జీవినీ పట్టి ఇంటికి తెచ్చుకోకూడదు.

ఫొటో, రికార్డ్

చూసిన జీవుల ఫొటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ యాప్‌లో పెడితే పరిశోధన చేసేవాళ్లకి పనికొస్తుంది. మూడు ఫొటోలు చాలు: పై నుంచి ఒకటి, తల మీసాలు కనపడేలా పక్క నుంచి ఒకటి, నాణెంతో ఒకటి. నాణెం రెక్క పక్కన, అదే గోడకి ఆనించి పట్టుకోండి. కెమెరా వైపు ముందుకు తెస్తే నాణెం పెద్దగా, మాత్ చిన్నగా పడుతుంది. ముందు రెక్క రెండు నాణేల పొడవు ఉంటే ఐదు సెంటీమీటర్లు దాటినట్టే. ఫ్లాష్ వద్దు, పచ్చ రంగు తెల్లబోతుంది.

తేదీ దగ్గర ఎక్కువమంది తప్పు చేస్తారు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోని అప్‌లోడ్ చేస్తే తేదీ, చోటు ఎగిరిపోతాయి, యాప్‌లో అవి ఖాళీగా ఉండిపోవచ్చు, తప్పుగానూ పడొచ్చు. తీసినవాళ్ల ఫోన్ నుంచే పెట్టించండి, లేదా చేత్తో సరిచేయండి. ఇంటి దగ్గర తీసినదైతే జియోప్రైవసీలో అబ్‌స్క్యూర్డ్ ఎంచుకోండి, ఇంటి అడ్రస్ ఊరందరికీ తెలియక్కర్లేదు. యాప్ తనే సూచించిన పేరుని కళ్లు మూసుకుని ఒప్పుకోకుండా పైన చెప్పిన ఆరు పాయింట్లతో సరిచూడండి. తర్వాత వేరేవాళ్లు కూడా అదే పేరు ఒప్పుకుంటే రీసెర్చ్ గ్రేడ్ అని పడుతుంది, అప్పుడు మీ గుర్తింపు సరిపోయినట్టు.

పెరట్లోకే రావాలంటే

అడుగుతారు కాబట్టి రాస్తున్నా గానీ ఓపిక ఉన్నవాళ్లకే. పూరిరి చెట్టు 20 మీటర్ల దాకా పెరుగుతుంది, మంచు పడే చోట మొక్కగా ఉన్నప్పుడు తట్టుకోదు, చిన్న స్థలంలో పెట్టి తర్వాత పక్కింటివాళ్లతో గొడవ పెట్టుకోకండి. మకోమకో త్వరగా పెరుగుతుంది, పుటపుటవేటా చిన్న చెట్టే. చెట్టొక్కటే సరిపోదు, గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు మొదటి నెలలు నేల మీదే, కుళ్లిన కొమ్మల మీద మొలిచే బూజు తిని బతుకుతుంది, ఆ తర్వాతే చెట్టెక్కుతుంది. కాబట్టి నీడలో ఒక మూల రాలిన కొమ్మలూ ఆకులూ ఊడ్చకుండా వదిలేయండి. అద్దె ఇల్లైతే, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఏజెంట్ "తోట శుభ్రంగా లేదు" అంటే ముందే చెప్పి అనుమతి తీసుకున్న ఈమెయిల్ చూపించవచ్చు, అందుకని ముందే రాసి అడగండి. పెరట్లో ఎలుకల ట్రాప్ పెట్టడం, వసంతంలో రాత్రిపూట బయటి లైట్లు ఆర్పేయడం, పిల్లిని లోపల ఉంచడం, ఇవి ఈ వారమే మొదలుపెట్టొచ్చు, ఖర్చు కూడా పెద్దగా లేదు.

ఇంకా అనుమానం ఉండి ఫొటో పంపాలనుకుంటే ఊరు, తేదీ, ఎన్నింటికి చూశారు, ఏ చెట్టు లేదా ఏ గోడ, ఇవి నాలుగూ రాసి పంపండి. "ఇదేంటి?" అని ఒక్క ముక్క రాస్తే మొదటి జవాబుగా ఈ నాలుగే అడగాల్సి వస్తుంది.